పద్దెనిమిది ప్రశ్నల కాగితం

శివమ్మకు కోపమొస్తే అరవదు, కత్తి నూరుతుంది. ఆ ఆదివారం పొద్దున శామీర్‌పేట చెరువు కట్ట పక్కన చేపలు పెట్టుకుని కూర్చున్నప్పటి నుంచి నూరుతూనే ఉంది.

పది రోజుల కింద ప్రైవేటు బడి హెడ్డు సరళ మేడం ఆమెను పిలిపించి, ఆమె కూతురు తొమ్మిదేళ్ల భవానికి హైపర్ యాక్టివ్ జబ్బుందని తేల్చేసింది. డాక్టరెవరూ పిల్లను చూడలేదు. ఎక్కడిదో ఒక కాగితం, దాని మీద పద్దెనిమిది ప్రశ్నలు, మేడం కొట్టిన పద్నాలుగు ఎర్ర గీతలు. కుదురుగా ఉండదు. చెప్పింది వినదు. పాఠం మధ్యలో లేచి కిటికీ దగ్గరికి పోతుంది. రేపటి నుంచి గోడ వైపు కూర్చోబెడతామని చెప్పి సంతకం పెట్టమంది.

శివమ్మ పెట్టింది. చదువుకున్న మనిషి చెబితే నిజమే కాబోలనుకుంది. ఆ సంతకం పెట్టిన చేతిని ఇప్పటికీ తిట్టుకుంటూనే ఉంది.

అసలు సంగతి ఆ మేడం అడిగితే కదా. బడి కిటికీలోంచి చెరువు కనబడుతుంది. చెరువులో భవాని నాయిన లింగం థర్మకోల్ తెప్ప మీద వలలు తీస్తుంటాడు. ఈ వానలకు చెరువు నిండి అలుగు మీంచి నీళ్లు కిందికి దూకుతున్నాయి. గాలి అటు మళ్లిందంటే తెప్ప కూడా అటే పోతుంది. వంగి వల లాగే మనిషికి అది తెలియదు. అందుకే సెలవు రోజుల్లో గట్టున నిలబడి, గాలి మళ్లగానే కేకేయడం భవాని పని. బడిలోనూ ఆ పిల్ల మనసు అక్కడే ఉంటుంది.

ఈ పొద్దున గట్టెక్కమంటే ఎక్కలేదు.

"నాకు బీమారుందంట గదమ్మా. నేను తప్పు జూస్తె నాయిన మునుగుతడు."

ఆ మాటకు శివమ్మ కత్తి ఇంకా గట్టిగా నూరింది. లింగం చెరువులో ఉన్నాడు. గట్టు మీద ఎవరూ లేరు.

ఎనిమిదింటికి నల్లద్దాలు పెట్టుకుని సరళ మేడం రానే వచ్చింది. ప్రతి ఆదివారం ఆమెకు కొర్రమట్టలు కావాలి.

"రెండు కిలోలు, తొందరగా శివమ్మా."

"వరుసల నిలబడుండ్రి మేడం." శివమ్మ తక్కెడ కిందినుంచి ఆ కాగితం జిరాక్సు తీసి కూతురికిచ్చింది. "సదువు బిడ్డా. గట్టిగ."

"ఒకటి. కుదురుగా ఉండలేరు."

మేడం ఈ కాలి మీంచి ఆ కాలి మీదికి మారుతోంది. శివమ్మ చేప నెత్తురంటిన వేలితో కాగితం మీద గీత గీసింది.

"రెండు. తమ వంతు వచ్చేదాకా ఆగలేరు."

ఇంకో గీత.

"మూడు. చెప్పింది వినరు."

"ఏంటి?" అంది మేడం ఫోనులోంచి తలెత్తి. వరుసలో ఉన్నవాళ్లంతా నవ్వారు. వెనకనుంచి బాలనర్సమ్మ అందుకుంది. "మా బబ్లూకు గూడ గిదే కాగితమిచ్చింది. గీయి శివమ్మా, గీయి."

"ఏంటిది, నన్ను అవమానిస్తున్నావా?"

"మాట నడుమ అడ్డమొచ్చిండ్రు. అదెన్నోది బిడ్డా?"

"ఆరోది," అని భవాని ఆగిపోయింది. "సాలమ్మా. మేడం ఏడుస్తాంది. గదుమ వణుకుతాంది సూడు."

అంతమందిలో నల్లద్దాల కింద వణికే ఆ గడ్డాన్ని చూసింది ఈ పిల్ల ఒక్కతే. శివమ్మకు జాలి కలగలేదు. పది రోజులుగా గోడను చూస్తూ తన బిడ్డ కూడా ఏడ్చే ఉంటుంది.

అప్పుడే భవాని చేతిలోని కాగితం గాలికి రెపరెపలాడి రెండో వైపుకు మడతపడింది. పిల్ల ఒక్క క్షణం దాన్ని చూసి, అక్కడే పడేసి గట్టెక్కింది.

"నాయినా, గాలి మళ్లింది! అలుగు దిక్కు వోతున్నవ్!"

దూరంగా లింగం వల వదిలి తెడ్డందుకున్నాడు. తెప్ప మెల్లగా ఇవతలికి తిరిగింది. అది తిరిగేదాకా శివమ్మ చేప ముట్టలేదు.

తర్వాత ఆమె కొర్రమట్టలు కోసి, కింద పడ్డ ఆ కాగితంలోనే చుట్టి మేడం చేతిలో పెట్టింది.

"మీరు గీసింది నిజమే మేడం. మా పోరి ఒక్క జాగల కూసోదు. రేపటిసంది కిటికీ కాడ్నే కూసుంటది."