అటక మీద మూగ పెట్టె

2006లో నా పరిశోధనంతా ఒక సబ్బుపెట్టెలో పట్టేసేది. లోపల గోరంత పలక, దాని మీద తగరపు ఆక్సైడ్ నానోపొడి పూత. గాలిలో గ్యాస్ ఉంటే బజర్ మోగుతుంది.

అంబాజీపేట దగ్గర ఓ పల్లెలో, గ్యాస్ పైపు పక్కన ఆరిళ్లలో ఆరు పెట్టెలు బిగించాను. ఆ గ్యాసుకి వాసన ఉండదు. అయిదు నోరెత్తలేదు. మంగాయమ్మగారి అటక మీదది రోజూ అరిచేది. అటక నిండా కురిడీ కాయలు, అంటే లోపలి నీరింకేదాకా దాచే కొబ్బరికాయలు. వాటిని ఆరబెట్టడానికి కింద కొబ్బరి డొక్కలు కాల్చి పొగ వేస్తారు. పెట్టె ఆ పొగకే మోసపోతోందని తేల్చేశాను.

గురువారం మా ప్రొఫెసర్ ధర్మరాజుగారు చూడ్డానికి వస్తున్నారు. ఆయన సంతకం పెడితేనే నాకు డాక్టరేట్. బుధవారం సాయంత్రం అటకెక్కి, మోగుతున్న బజర్ తీగ కోసేశాను. కింద పొయ్యి చల్లగా ఉంది. చూశాను, ఆలోచించలేదు.

పొద్దున్నే ఆయన మంగాయమ్మగారి వాకిట్లో కూర్చుని లాప్‌టాప్‌లో రీడింగులు తిప్పుతున్నారు.

"పెట్టె ఎలా ఉందమ్మా?"

"మా కోడలికంటే నయమండీ. నిన్నటిదాకా సాధించింది, ఇవాళ పలకట్లేదు," అన్నారు మంగాయమ్మగారు.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

"నిన్న మరీ ఎక్కువ చూపించిందే. పొగ గట్టిగా వేసేరా?"

"నిన్న అమావాస్య కదండీ. అమావాస్యకి మేం నిప్పు పెట్టం. ఇదిగో, ఇప్పుడు వెలిగిస్తాను."

అగ్గిపెట్టె తీసుకుని ఆవిడ లోపలికి నడిచారు.

నిన్న పొగ లేదు. అయినా పెట్టె అరిచింది. అంటే అటక నిండా గ్యాస్. నోరు విప్పితే డాక్టరేట్ పోతుంది. ఆవిడ పుల్ల తీశారు.

పరిగెత్తి చెయ్యి పట్టుకున్నాను. "వెలిగించకండి. పెట్టె తీగ నేనే కోసేశాను."

వీధంతా కాలవగట్టు మీదికి వెళ్లింది. పైపు వాళ్లొచ్చి వాల్వు కట్టేశారు. గోడ వెనకే పైపు అతుకు పగిలి ఉంది.

"నీ పెట్టె సరిగ్గానే పనిచేసిందయ్యా," అని ధర్మరాజుగారు కారెక్కారు. సంతకం సంగతి ఎత్తలేదు. నేనూ అడగలేదు.

మంగాయమ్మగారు తిడతారని గట్టు మీద తలొంచుకుని నిలబడ్డాను. తిట్టలేదు.

"పుల్ల తీసేముందు ఓ చెవి పైకే పెట్టేను బాబూ. నీ పెట్టె పలకలేదని ధైర్యం చేసేను," అన్నారు.