ఆకుపచ్చకు తిరిగిన నూలు

దానిమ్మ తొక్కలు ఉడకబెట్టి, పటిక కలిపి, అందులో నూలు ముంచితే పసుపుపచ్చ వస్తుంది. నలభై ఏళ్లుగా అంజనమ్మ అద్దుతున్న రంగు అది. ఆ ఉదయం మాత్రం గిన్నెలోంచి ఎత్తిన నూలు ముదురు ఆకుపచ్చగా ఉంది.

పటిక మారిందేమోనని నాలుకకు తగిలించి చూసింది. అదే వగరు. గిన్నె తుప్పేమో అనుకుంది. ఇనుము తగిలితే ఈ రంగు నల్లబడుతుంది గానీ ఆకుపచ్చగా మారదు. అలా మార్చేది రాగి. రాగి ఉండే నీలి విషం, మైలుతుత్తం. అది ఆమె వాడదు.

అయితే నీళ్లలోనే ఉండాలి. పెరట్లో డ్రమ్ము నీళ్లు. ఇంట్లో తాగేదీ అవే.

అంజనమ్మ నూలు కింద పడేసింది. "శశీ! డ్రమ్ము నీళ్లు ఎవురన్నా తాగినారా?" అని కోడలిని కేకేసింది.

"పాప ఇప్పుడే తాగింది అత్తా. ఏమైంది?" అంటూ శశికళ బయటికొచ్చింది.

ఐదేళ్ల మనవరాలు శివజ్యోతి అరుగు మీద పొట్ట పట్టుకొని కూర్చుంది. "అవ్వా, నోరంతా ఎట్లనో ఉండాది" అంటూనే వాంతి చేసుకుంది. అందులో నీలిరంగు ఛాయ కనిపించింది.

అప్పుడే బత్తాయిలు కాసే చీనీతోట నుంచి బండి మీద వచ్చిన కొడుకు గోపీని అంజనమ్మ నిలదీసింది. "తుత్తం ఏమన్నా తెచ్చినావారా?"

గోపీ డ్రమ్ము వైపు చూశాడు. "చెట్లకు కొట్టేకి బక్కెట్లో నానబెట్టింటి మా. పొద్దున నీళ్లు తీసేకి ఆ బక్కెట్టే డ్రమ్ములో ముంచినా. అడుగున గడ్డలుండె..."

మిగతాది వినకుండానే ఆమె పాపనెత్తుకొని గోపీ బండెక్కింది. కమలాపురం ఆస్పత్రి దారి పొడవునా పాప తల తన భుజం మీద వాలిపోతుంటే, "నిద్రపోవద్దు తల్లీ, మాట్లాడు" అని బతిమాలుతూనే ఉంది.

"ఏం తాగింది?" అన్నాడు డాక్టర్.

"తుత్తం నీళ్లు సారూ. నా నూలు ఆకుపచ్చగా తిరిగింది, అట్ల తెలిసింది."

డాక్టర్ ఇంకేమీ అడగకుండా పాపను లోపలికి తీసుకెళ్లాడు. గోపీ గోడకానుకొని ఏడుస్తున్నాడు. తలుపు తెరుచుకున్న ప్రతిసారీ అంజనమ్మ లేచి నిలబడుతోంది.

సాయంత్రానికి డాక్టర్ వచ్చి, "గండం గడిచింది. వెంటనే కక్కేయడం, మీరు సంగతి చెప్పడం మంచిదైంది" అన్నాడు.

పాప కళ్లు తెరిచి, "అవ్వా, దప్పికైతాంది" అంది.

వెనకాలే ఆటోలో వచ్చిన శశికళ కొత్త నీళ్ల సీసా మూత తీసింది. అంజనమ్మ దాన్ని లాక్కొని, ముందు తాను ఒక గుక్క తాగింది. కాసేపు ఆగింది. ఆ తర్వాతే సీసాను పాప పెదవులకు అందించింది.