నూట అరవయ్యో పలక

నూట యాభై తొమ్మిదో పలక మీద కర్రసుత్తి టక్కుమంది. ముసలాయన చెవి రిక్కించి, అరికాలు ఆనించి చూసి ముందుకు కదిలాడు. సముద్రం మీదుగా రెండు కొండల్ని కలిపే ఆ కాలినడక వంతెనకు మూడు వందల పలకలు. జనాన్ని వదలకముందే రోజూ అన్నిటినీ తట్టి చూడాలి. ముప్పై ఒక్క ఏళ్లుగా అదే పని. అందుకే అందరికీ ఆయన టకటక తాత. ఇంట్లో మంచాన్ని కూడా తట్టనిదే కూర్చోడు. "నా నెత్తి కూడా ఓసారి కొట్టి చూడు, పనైపోతుంది" అంటుంది భార్య.

ఇవాళ ఆఖరి రోజు. రేపు పొద్దున బండికి ఇద్దరూ కూతురి ఊరు వెళ్లిపోతారు. ఆసుపత్రి దుప్పట్లు ఉతుకుతూ వయసంతా గడిపిన భార్య ఈ వంతెన ఒక్కసారీ ఎక్కలేదు. ఇవాళ ఉన్నవాటిలో మంచి బట్టలు కట్టుకుని గేటు దగ్గర ఎదురుచూస్తోంది.

నూట అరవయ్యో పలక డొల్లగా మోగింది.

ఆయన గేటు దగ్గరున్న భార్య వైపు చూశాడు. చెడ్డ పలక దొరికితే అక్కడ గుడ్డ కట్టి వంతెన మూసేయాలి. ఎవరూ చూడలేదు. ఆవిడది పిట్టంత ఒళ్లు, ఈ ఒక్కరోజుకీ ఏమీ కాదేమో. మళ్లీ తట్టాడు. మళ్లీ డొల్లే. భుజం మీది తువ్వాలు తీసి, అడ్డంగా వంతెన పక్కతాళ్లకు రెండు ముళ్లు వేసి వెనక్కి వచ్చాడు.

"తువ్వాలు కట్టి మూసెయ్యాల్సొచ్చిందే," అన్నాడు తల దించుకుని.

"దానికి అంత ఏడుపుమొహం దేనికయ్యా? బాగున్నవి ఎన్ని?"

"నూట యాభై తొమ్మిది."

గేటు దగ్గర ఇదంతా విన్న టికెట్లమ్మాయి లోపలికెళ్లి పెద్ద ఇంజనీరుకు ఫోను చేసి వచ్చింది. "తువ్వాలు దాకా మీరిద్దరూ వెళ్లొచ్చట తాతా. మీరు తట్టిన పలకలకు ఢోకా లేదన్నారు."

భార్య చెయ్యి పట్టుకుని నడిపించాడు. తువ్వాలు దగ్గర ఆవిడ ఆగిపోయింది. కింద రాళ్ల మీదికి ఒక నీటికుక్క తన పిల్లల్ని మెడ కరిచి ఒక్కొక్కటిగా లాక్కొస్తోంది. వాటి పైన తెల్లపిట్టలు, ఆ వెనక అంతా సముద్రమే.

"చూడవయ్యా!"

ఆయన పలకల్నే చూస్తున్నాడు. ఆవిడే ఆయన గడ్డం పట్టుకుని తల పైకెత్తింది.

"ఇవన్నీ ఇన్నేళ్లూ నా పక్కనే ఉన్నాయా?" అన్నాడాయన.

"నువ్వు కిందికి చూడబట్టేగా వచ్చినవాళ్లంతా అటు చూసింది," అంది ఆవిడ. "ఇవాళ నాకూ చూపించావు."

ఆయనకు కళ్లు చెమర్చాయి. ఈ పని దొరికినందుకు, ఈ మనిషి దొరికినందుకు ఎవరికి దణ్ణం పెట్టాలో తెలియక సముద్రం వైపే చేతులు జోడించాడు.

తిరిగి వచ్చేటప్పుడు ఆవిడ గుర్తుచేసింది. "తువ్వాలు?"

"ఉండనీవే. రేపొచ్చేవాడికి తెలియాలిగా."

మర్నాడు బండి కదిలే వేళకు, అంచు చిరిగితే ఆవిడ కుట్టిన ఆ తువ్వాలు నూట అరవయ్యో పలక దగ్గర, రెండు ముళ్ల మీద, గాలికి ఎగురుతూ ఉంది.