గాలి లేని నెల

పరమేష్ నోరు జారిండు, అది గూడ పదిమంది ముందట. చేవెళ్లల మేనమామ బిడ్డ పెండ్లి బంతిల కూసొని తింటుంటే ఎవరో అడిగిర్రు: "పెండ్లయి తొమ్మిదేండ్లాయె, వనితను యాడికన్న తీస్కపోయినవా?" మటన్ మంచిగ కుదిరింది, మనిషి ఖుషీల ఉన్నడు. "ఈసారి ఫారిన్ పోతున్నం. వనిత యాడికంటే ఆడికే," అన్నడు.

ఆయన లెక్కల ఫారిన్ అంటే దుబాయ్. ఏసీ మాలు, ఎత్తు బిల్డింగు, నాలుగు ఫొటోలు, వాపసు.

మూడు దినాలకు వనిత ఫోన్ల ఒక వీడియో చూపెట్టింది. ఆమె దొంతన్‌పల్లి యూనివర్సిటీ ఆఫీసుల పనిచేస్తది. పక్క కుర్చీల కూసునే మమత పంపిన వీడియో అది. ఒక ఆడామె నీళ్ల మీద పలక ఎక్కి నిలబడ్డది. చేతుల్ల గాలి నింపిన పెద్ద రెక్క. గాలి ఆ రెక్కను గుంజంగనే పలక మోకాలెత్తు పైకి లేచింది. పలక కింద ఒక కడ్డీ, దాని కొసకు చిన్న రెక్క, అది మాత్రం నీళ్లల్లనే ఉన్నది. చప్పుడు లేకుంట ఆమె పోతనే ఉన్నది.

"దీన్ని వింగ్ ఫాయిలింగ్ అంటరు. మనం పోయి నేర్చుకుంటున్నం," అన్నది వనిత.

'మనం' అన్న మాట ఇనంగనే పరమేష్ ఫోన్ వాపసిచ్చిండు. మొయినాబాద్‌ల నర్సరీ నడుపుకుంట, ఫామ్‌హౌసులకు లాన్లు ఏసే మనిషి ఆయన. దినమంత పైపు పట్టుకొని నీళ్లు కొడ్తడు గని, మోకాలు దాటిన నీళ్లంటే భయం. ఆ సంగతి తొమ్మిదేండ్ల సంది పెండ్లానికి చెప్పలే. ఇప్పుడు చెప్పనీకె మనసొప్పలే.

గందుకే వేరే తొవ్వ పట్టిండు. ఆమె ఈజిప్ట్ అంటే, "ఆడ ఎండ మస్తు. నీకు తలనొప్పి లేస్తది," అన్నడు. వియత్నాం అంటే, "శనివారం నువ్వు నీసు ముట్టవు. ఆడ ఏం తింటవ్?" అన్నడు. బ్రెజిల్ అంటే మ్యాపు తీసి వేలు పెట్టి చూపెట్టిండు. "గింత దూరం పోయొచ్చేవరకు నా మొక్కలు ఎండిపోతయి."

వనిత ప్రతిసారి "సరే" అని నోటుబుక్కుల ఒక పేరు కొట్టేసింది.

ఆఖరికి శ్రీలంక మిగిలింది. కల్పిటియ అనే ఊరు, సముద్రం పక్కన పెద్ద ఉప్పునీళ్ల మడుగు. దగ్గర. అన్నం దొరుకుతది. ఎండ మన ఎండ లెక్కనే. వంక పెట్టనీకె ఏం దొరకలే.

తెల్లారి పరమేష్ గులాబీ కుండీల నడుమ కూసొని ఫోన్ల వెతికిండు. కల్పిటియల నవంబర్ల గాలి పడిపోతదని రాసున్నది. గాలి లేకుంటే రెక్క పనిచెయ్యది, రెక్క పనిచెయ్యకుంటే పలక ఎక్కే పనే లేదు. ఒడ్డుకు కూసొని కొబ్బరినీళ్లు తాగి రావచ్చు. ఒక్కడే నవ్వుకున్నడు.

"నవంబర్ల పోదాం. వానలు బందైతయి, నాకు జర పని తక్కువుంటది," అన్నడు ఇంటికొచ్చి.

"ఎంత మంచోనివయ్యా," అని వనిత అప్పటికప్పుడే సెలవు పెట్టేసింది.

ఐతారం నాడు, పలక ఎక్కుడు నేర్పించే మాస్టరుతోని వీడియో కాల్. పేరు నువాన్. ఎండకు కమిలిన మొఖం, ఇంగ్లీషుల మాట్లాడిండు.

"నవంబరా? అప్పుడు గాలి ఉండది. ఎవరు చెప్పిర్రు మీకు?"

వనిత మెల్లగ మొగని దిక్కు తిరిగింది. పరమేష్ ఫ్యాను దిక్కు చూస్తున్నడు.

"మా ఆయన మస్తు రీసెర్చ్ చేసిండు," అన్నది.

"మంచి పనే చేసిండు," అన్నడు నువాన్. "కొత్తోళ్లకు గాలి లేని దినాలే నయం. పలకను తాడుతోని పడవకు కట్టి గుంజుతం. గాలి కోసం ఎదురుచూసే పని లేదు. దినానికి నాలుగు గంటలు నీళ్లల్లనే! ఇద్దరికి ఈత వస్తది కదా?"

"నాకొస్తది, హాస్టల్ల ఉన్నప్పుడు నేర్చుకున్న," అని వనిత మొగన్ని తెలుగుల అడిగింది, "నీకు ఈతొస్తదా అంటున్నడు."

"ఎస్ ఎస్," అన్నడు పరమేష్. "లిటిల్ లిటిల్."

వంటింట్లకెళ్లి పకపక నవ్వినట్టు వినొచ్చింది. పరమేష్ తల్లి ముత్తమ్మ గంటె పట్టుకొని బయటికొచ్చింది.

"వీనికా ఈత? పదేండ్లప్పుడు వీళ్ల బాపు ముడిమ్యాల బాయిల దింపితే, మెట్టు కరుసుకొని పొద్దు నెత్తి మీదికొచ్చేదాక ఇడువలే. గొర్లాయన వచ్చి బుజాల మీద ఎక్కించుకొని తెచ్చిండు."

"అవ్వా!"

"ఏం అవ్వ? అబద్ధమా?"

"నాకు పెండ్లయిన నెలకే తెలుసు అత్తమ్మ," అన్నది వనిత. "శ్రీశైలం పోయినప్పుడు అందరు మునిగిర్రు, ఈయన చెంబుతోని నెత్తి మీద పోసుకున్నడు. నోరు తెరిచి ఎప్పుడు చెప్తడో చూద్దామని ఊకున్న."

"అంటే గిదంత నన్ను ఆడిపించనీకేనా?" అన్నడు పరమేష్.

"కాదు. నాకు నిజంగనే పోవాలనున్నది. నువ్వే మూడు దేశాలు కొట్టేపిస్తివి."

నువాన్ ఇంక లైన్లనే ఉన్నడు. "ఏమన్న ప్రాబ్లమా?" అని అడిగిండు.

"ఏం లేదు. ఆయన నేర్చుకొని వస్తడు," అన్నది వనిత.

మర్నాడే ముగ్గురు ముడిమ్యాల పొలం కాడికి పోయిర్రు. వానలకు బాయి సగం దాక నిండింది. ముత్తమ్మ కొడుకు నడుముకు రెండు ఖాళీ నూనె డబ్బాలు కట్టింది. పరమేష్ మెట్టు మీద నిలబడి, "ఎవరు నేర్పుతరు? వనితనా?" అన్నడు.

ముత్తమ్మ చీర గోచి పెట్టి, గట్టు మీదికెళ్లి దుంకింది.

పరమేష్ పెట్టిన కేక పక్క చేన్ల దాక ఇనపడ్డది. ముత్తమ్మ ఆ దరికి తేలి, నోట్ల నీళ్లు ఉమ్మి, చెంపలు తుడుసుకున్నది.

"నీకు ఈతొస్తదా అవ్వ? ఎన్నడు చెప్పలేదేంది?"

"మా ఊర్ల పోరగాండ్లకు నేనే నేర్పిన. పెండ్లయినంక, ఇంటి కోడలు బాయిల దుంకుతదా అన్నరు. ఇడిచిపెట్టిన. నలభై ఏండ్లాయె."

ఇంటికి పోయేటప్పుడు తొవ్వలనే వనిత అడిగింది, "అత్తమ్మ, నీ ఆధార్ కార్డు ఏడున్నది? పాస్‌పోర్టుకు పెడ్త."

పోలీసాయన ఎంక్వైరీకి వచ్చి, ముసలామెను చూసి ముచ్చటకు అడిగిండు, "ఏం పనికి పోతున్నవ్ అవ్వ?"

"ఈతకు."

"ఈడ నీళ్లు లేవా?"

"ఉన్నయి బిడ్డా. గుంజనీకె పడవనే లేదు."

నవంబర్ వచ్చేవరకు పరమేష్ బాయి నీళ్లు సగం తాగిండు గని, డబ్బాలు లేకుంట ఈ దరి నుంచి ఆ దరికి పోవుడు నేర్చిండు. కల్పిటియల మొదటి దినం పలక మీదికెళ్లి ఎన్నిసార్లు పడ్డడో లెక్క లేదు. రెండో దినం మోకాళ్ల మీద నిలిచిండు. మూడో దినం వనిత పలక నీళ్లల్లకెళ్లి లేచి ఆరు సెకండ్లు గాలిల ఉన్నది. అప్పుడు పరమేష్ ఒడ్డు మీద నిలబడి కొట్టిన ఈలకు కొంగలు లేచిపోయినయి.

ఆఖరి దినం మొగుడు పెండ్లాం బట్టలు మార్చుకొని బ్యాగులు సదురుకున్నరు. ఎయిర్‌పోర్టుకు పోవాల్సిన కారు వచ్చి నిలబడ్డది. మడుగుల ముత్తమ్మ కోడలి ట్రాక్ ప్యాంటు ఏసుకొని, పెద్ద పలక మీద బోర్ల పండి పోతున్నది. నువాన్ పడవ ఆపి, ఇగ సాలా అని చెయ్యితోని సైగ చేసిండు.

ముత్తమ్మ ఒక వేలు లేపి చూపెట్టింది.

"ఇంకొక్క రౌండట," అన్నడు పరమేష్. వనిత తువ్వాల ఒళ్లె పెట్టుకొని ఇసుకల కూసున్నది. ఆయన పోయి డ్రైవర్‌ను జర ఆగుమని బతిమాలిండు.