చప్పుడు రాలని ఆట

ఆ నర్సరీలో సాయంత్రం పిల్లలు వెళ్ళిపోయాక ఏ టీచరు గది ఆ టీచరే ఊడ్చుకోవాలి. పగలంతా పుట్టిన చప్పుళ్ళు నేల మీద రాలి ఉంటాయి కదా, అలాగే వదిలేస్తే గట్టిపడి మర్నాడు పిల్లల కాళ్ళకి గుచ్చుకుంటాయి. కుర్చీలు ఈడ్చిన చప్పుడు రంపపు పొట్టులా ఉంటుంది, సులువుగానే వచ్చేస్తుంది. ఏడుపులు తడి ఇసుక, చీపురుకి అంటుకుని విసిగిస్తాయి. గంట చప్పుడు మాత్రం మేకుల్లా రాలుతుంది, ఎత్తేటప్పుడు వేళ్ళు జాగ్రత్త. ఏ రవ్వనైనా చెవి దగ్గర పెట్టుకుంటే ఇంకొక్కసారి వినిపించి కరిగిపోతుంది. కానీ పగలు విన్నది చాలక సాయంత్రం కూడా వినే ఓపిక ఎవరికుంటుంది? అందరూ ఊడ్చింది పెరటి గుంటలో పోసి, చేతులు కడుక్కుని ఇళ్ళకి పోయేవాళ్ళు.

చిన్నపిల్లల గది టీచరు ఈ ఏడాది అందరికంటే ముందే ఇంటికి వెళ్ళిపోతోంది. ఆవిడ గదిలో ఊడవడానికి పెద్దగా ఏమీ ఉండటం లేదు. అదంతా గుండీ చలవే.

గుండీకి నాలుగేళ్ళు. వాళ్ళ నాన్న పాత చొక్కా గుండీ ఒకటి ఎప్పుడూ గుప్పిట్లో ఉంటుంది కాబట్టి ఆ పేరు పడింది. ఆటిజం ఉన్న పిల్ల. ఎవరి మొహమూ చూడదు, మాట్లాడదు, గంట మోగితే రెండు చెవులూ మూసుకుని బల్ల కిందకి దూరిపోతుంది. మిగతా పిల్లల పక్కన రాలి పడే చప్పుళ్ళన్నీ దాని నెత్తిన పడతాయి. మొదటి వారం అది చూసిన టీచరు చూస్తూ కూర్చోలేదు. పాత మేజోళ్ళు కత్తిరించి కుర్చీల కాళ్ళకి తొడిగింది. బల్ల చుట్టూ దుప్పటి కట్టి గుడారం చేసింది. రోజులో ఏ పని తర్వాత ఏ పనో బొమ్మలు గీసి తాడుకి వేలాడదీసింది. చెప్పులు విప్పడం, సర్కిల్, ఆట, భోజనం, నిద్ర, ఇల్లు. ఒక పని అయిపోగానే గుండీ వచ్చి ఆ బొమ్మ తిప్పేస్తుంది. అది తిప్పకుండా తర్వాతి పని మొదలెట్టే ధైర్యం ఆ గదిలో ఎవరికీ లేదు, టీచరుతో సహా.

భోజనాలయ్యాక ఒక ఆట కూడా కనిపెట్టింది. నేల మీద ఒక్క రవ్వ కూడా పడకుండా అందరూ ఎంతసేపు కూర్చోగలరో చూడాలి. టింకు అని ఒకడున్నాడు, ఊపిరి కూడా చప్పుడు చేస్తూ పీల్చే రకం. ఆ ఆటంటే వాడు పడి చచ్చేవాడు.

ఇక గంట సంగతి. ఒక పొద్దున అది మోగలేదు. పెద్ద మేడం వచ్చింది. బడి ఆవిడదే.

"గంటకేమైంది?"

"దాని నాలుక ఊడదీశాను మేడం."

"ఏదీ?"

"నా హ్యాండ్‌బ్యాగులో ఉంది."

"బడన్నాక గంట ఉండాలమ్మా."

"ఉంది కదండీ. మోగదంతే."

పెద్ద మేడం చెడ్డ మనిషేం కాదు. పద్ధతి మనిషి. పొద్దున అందరూ గుండ్రంగా కూర్చునే సర్కిల్లో పేరు పిలిస్తే పిల్లలు "వచ్చాను" అనాలి. మొదటి సెలవుల్లోపు అలా పలకని పిల్లకి అక్కడ చోటు లేదు. బడి పెట్టిన నాటినుంచీ అదే రూలు.

"రేపు నేనే వచ్చి పిలుస్తాను," అంది సెలవుల ముందు గురువారం నాడు. "పలికితే ఉంటుంది. పలకకపోతే వాళ్ళమ్మతో నేను మాట్లాడతాను. నీ కష్టం చూస్తూనే ఉన్నానమ్మా. కానీ అందరికీ ఒకటే రూలు."

ఆ మాట సాయంత్రానికి గుండీ వాళ్ళమ్మ చెవిన పడింది. ఆవిడ బస్సు కండక్టరు. డ్యూటీ దిగి, భుజాన టికెట్ల సంచీతో అలాగే వచ్చేసింది.

"ఇది మూడో బడి టీచర్ గారూ. ఇక్కడా కాదంటే నేను ఉద్యోగం మానేస్తాను, అది నాలుగు గోడలు చూస్తూ కూర్చుంటుంది." ఆవిడ ఏడవలేదు. మండిపోతోంది. "మా బస్సులో నోరు విప్పలేదని ఎవర్నీ మధ్యలో దింపెయ్యం. ఎక్కారా, సీట్లో కూర్చున్నారా, అంతే చూస్తాం."

"నేను దింపనివ్వను," అంది టీచరు. అనేసింది గానీ ఎలాగో ఆవిడకే తెలీదు.

వాళ్ళు వెళ్ళాక చీపురు పట్టుకుంది. రోజూ బల్ల కిందకి చీపురు దూర్చి, వచ్చింది లాగేసేది. ఆ రోజు చెయ్యి ఆడక మోకాళ్ళ మీద కూలబడి దుప్పటి ఎత్తింది. గోడవైపు బల్లకాలి వెనక, చీపురు అందని మూల, ఆవగింజలంత రవ్వలు ఒకే వరసలో ఉన్నాయి. చివరిది తీసి చెవి దగ్గర పెట్టుకుంది.

"టింకు," అంది గింజ. ఎప్పుడూ వినని గొంతు. పలచగా, జాగ్రత్తగా, తప్పు పోకుండా.

గదిలో ఎంతమంది పిల్లలో వరసలో అన్ని గింజలు. టింకు పేరు హాజరులో ఆఖరిది. టీచరుకి అంతా అర్థమైంది. సర్కిల్ అయ్యి పిల్లలు బయటికి పరిగెత్తాక గుండీ కాసేపు గుడారంలోనే ఉండిపోతుంది. గది నిమ్మళించాక అది హాజరు తీసుకుంటోంది. వీళ్ళేమో హాజరు పలకదని దాన్నే బయటికి పంపబోతున్నారు. ఇన్నాళ్ళూ చీపురుకి అందిన గింజలెన్ని గుంటలో కలిసిపోయాయో!

ఈ గింజలు రుమాల్లో మూటగట్టి పెద్ద మేడం చెవిలో పోస్తే పనైపోతుంది. చెయ్యి చాపింది కూడా. మళ్ళీ వెనక్కి తీసుకుంది. పిల్ల దాచుకున్నవి ఎత్తుకెళ్ళి చూపించి, దీన్ని ఉండనివ్వండని బతిమాలుకోవాలా? ఎందుకు బతిమాలుకోవాలి? కోపంగా దుప్పటి దించేసి లేచింది.

శుక్రవారం పెద్ద మేడం తన ఆఫీసు కుర్చీ తెప్పించుకుని గుమ్మానికి అడ్డంగా వేసుకుని కూర్చుంది. దాని కాళ్ళకి మేజోళ్ళు లేవు. లాక్కున్నంత మేరా పొట్టు రాలింది. పేర్లు పిలిచింది, పిల్లలు పలికారు. గుండీని పూర్తి పేరుతో, నిండు గొంతుతో పిలిచింది. ఆ పిలుపు దుప్పటి మీద గులకరాళ్ళలా పడింది. లోపల పిల్ల ముందుకీ వెనక్కీ ఊగుతోంది.

"ఇంకోసారి పిలుస్తాను."

"వద్దు మేడం," అంది టీచరు. "దుప్పటి కింద దాని కాళ్ళు మీకు కనిపిస్తున్నాయి కదా. ఎదురుగా ఉన్న పిల్ల ఉన్నానని చెబితేనే ఉంచుతామనడం ఏం రూలండీ? బస్సుల్లో కూడా లేదది."

"ఎవరితో మాట్లాడుతున్నావో గుర్తుందా?"

"ఉందండీ. దాన్ని పంపేస్తే నన్నూ పంపెయ్యండి. గంట నాలుక మాత్రం ఇవ్వను."

పెద్ద మేడం మొహం జేవురించింది. టీచరు ఆవిడకేసి చూడలేదు. పిల్లల వైపు తిరిగి పెదాల మీద వేలు పెట్టింది.

"ఆట," అంది.

ఒక్కసారిగా గది సద్దుమణిగింది. టింకు బుగ్గలు పూరించి ఊపిరి బిగబట్టాడు. పెద్ద మేడం ఏదో అనబోయింది. పిల్లలంతా గుడ్లురిమి చూశారు. ఆట పాడు చేసే మనిషిని ఎలా చూడాలో అలా చూశారు. ఆవిడ నోరు మూసుకుంది. తన బడిలో ఏ చప్పుడూ రాలని నేలని ఆవిడ చూడటం అదే మొదటిసారి.

కాసేపటికి దుప్పటి కదిలింది. గుండీ పాక్కుంటూ బయటికొచ్చింది. అరచెయ్యి నోటి దగ్గర పెట్టుకుంది. పెదాలు కదిలాయి, మాట వినపడలేదు, గింజ మాత్రం అరచేతిలో రాలింది. తిన్నగా టింకు దగ్గరికెళ్ళి వాడి చెవికి ఆనించింది. వాడు విన్నాడు. నేల మీద పడలేదు కాబట్టి ఆట ఓడిపోనట్టేనని నిర్ణయించుకుని, నోరు విప్పకుండా చెయ్యెత్తాడు. తర్వాత పక్కవాడు, ఆ పక్కపిల్ల. ఒకరు కాళ్ళు ఊపారు, ఒకరు నాలుక బయటపెట్టారు. అన్నిటినీ గుండీ ఒప్పుకుంది.

ఆఖరికి పెద్ద మేడం ముందు నిలబడింది. మొహంకేసి కాదు, కోటు గుండీలకేసి చూస్తూ, ఒక గింజ ఆవిడ చేతిలో పెట్టింది. ఆవిడ చెవి దగ్గర పెట్టుకుంది.

"పెద్ద మేడం."

గుండీ ఆగింది. తొందర పెట్టలేదు. మళ్ళీ పిలవలేదు. ఎంతసేపైనా ఆగేటట్టు నిలబడింది. పెద్ద మేడం రెండుసార్లు గొంతు సవరించుకోబోయి, చప్పుడవుతుందని మానుకుంది.

"వచ్చాను," అంది చివరికి, ఊపిరంత మెల్లగా.

ఒళ్ళో చిన్న గింజ రాలింది. గుండీ దాన్ని తీసుకుని బల్ల కిందకెళ్ళి వరస చివర పెట్టింది. కొంచెం జరిపి సరిచేసింది. బయటికొచ్చి తాడు మీద సర్కిల్ బొమ్మ తిప్పేసింది. తర్వాతిది ఆట.

పిల్లలు లేచారు. గుమ్మానికి అడ్డంగా పెద్ద మేడం ఉంది.

"వాళ్ళమ్మతో నేను మాట్లాడక్కర్లేదులే," అంది ఆవిడ టీచరుతో, పెదాలు మాత్రం కదిపి. లేచి, ఆ బరువు కుర్చీని ఈడ్వకుండా రెండు చేతులా ఎత్తి పక్కన పెట్టింది.