ఎవరి చేనని అడిగితే

వరదప్ప చచ్చిన రోజు పాడె మోయడానికి నలుగురు దొరకకూడదు. ఈశ్వరప్పకు దేవుణ్ణి అడగడానికి ఇంకేమీ మిగల్లేదు, ఇదొక్కటే. పరాయివాడు చేసిన పనైతే ఇంత మంట ఉండేది కాదు. వరదప్ప సొంత చిన్నాయన కొడుకు, ఒకే గడపలో పుట్టి పెరిగినవాడు. పాముకు పాలు పోస్తే కాటేస్తుందంటారు గానీ పాము కనీసం బుస కొట్టి కాటేస్తుంది. వరదప్ప "అన్నా, అన్నా" అంటూ, నవ్వుతూ కాటేశాడు.

అరవ రాష్ట్రపు అంచున, జవళగిరి అడవికి ఇవతల, రోడ్డు ఒక మిట్ట ఎక్కి దిగే చోట వాళ్ల ఊరు. వాళ్లిద్దరి నాయనలూ ఆస్తి పంచుకున్నప్పుడు రోడ్డు పక్క మెట్టచేను ఈశ్వరప్ప నాయనకు, లోపలి పల్లపు చేను వరదప్ప నాయనకు వచ్చాయి. వరదప్ప నాయనకు గొర్రెలు ఉండేవి, మంద నిలుపుకోవడానికి రోడ్డు పక్కే అనుకూలం. ఈశ్వరప్ప నాయనకు బావి తవ్వాలని ఆశ, మెట్టలో నీళ్లు పడవు. మార్చుకున్నారు. మునీశ్వరుడి రాతి ముందు టెంకాయ కొట్టి, ఒకరు మడిచిన తమలపాకు ఇంకొకరు నమిలారు. అదే పత్రం, అదే సంతకం. పట్టాలు మాత్రం పాత పేర్ల మీదే ఉండిపోయాయి. ఆ చుట్టుపక్కల సగం చేన్లు అట్లా మాట మీద చేతులు మారినవే, ఎవరూ దాన్ని వింతగా చూడరు.

తర్వాత చాలా ఏళ్లకు సర్కారు వాళ్లు కరెంటు సబ్‌స్టేషను కోసం ఆ మెట్టచేను మొత్తం తీసుకున్నారు. దున్నుకుంటున్నది వరదప్పే అయినా పట్టా నాయన తర్వాత ఈశ్వరప్ప పేరు మీదికి వచ్చింది కాబట్టి పరిహారం ఈశ్వరప్ప ఖాతాలో పడింది. అంతా తీసి, సంచిలో పెట్టి, తమ్ముడి ఇంట్లో ఇచ్చి వచ్చాడు. పెళ్లాం నంజమ్మ రెండు రోజులు మాట్లాడలేదు.

"సగమన్నా పెట్టుకునింటే ఏమయ్యేది?" అంది మూడో రోజు.

"మా నాయన నమిలిన ఆకు నా నోట్లో ఇంకా కారంగానే ఉండాదే," అన్నాడు.

ఆ డబ్బుతో వరదప్ప మిద్దె కట్టాడు. ఈశ్వరప్ప పల్లంలో బంతి, అవరె చిక్కుడు వేసుకుంటూ, రెండు ఎనుములు పెట్టుకుని, పొద్దున్నే సైకిలు వెనక పాలక్యాను కట్టి మిట్టకు అవతల ఉన్న డెయిరీకి తీసుకుపోతూ బతికాడు.

ఆ మిట్ట మీదే కలిశాడు యతీశ్.

బెంగళూరులో వారమంతా కుర్చీల్లో కూర్చునే వాళ్లకు ఆదివారం వస్తే తమకు కాళ్లున్న సంగతి గుర్తొస్తుంది. చీకటితోనే బయల్దేరి, అత్తిబెలె దాటి, హోసూరు దాటి, గుంపులు గుంపులుగా సైకిళ్లు తొక్కుకుంటూ ఇటు వస్తారు. తల మీద చిప్ప, కళ్లకు నల్లద్దాలు, బట్టలు తొడుక్కున్నారో ఒంటికి రంగు పూసుకున్నారో తెలియదు. ఆ రోజు గుంపు ముందుకు పోయింది. ఒకడు మాత్రం దిగి, ఈశ్వరప్ప లాగే సైకిలు తోసుకుంటూ మిట్ట ఎక్కుతున్నాడు.

"ఏం సామీ, నీ గుర్రం గూడా నడిపిస్తా ఉందా?" అన్నాడు ఈశ్వరప్ప.

"కాలు పట్టుకునిందప్పా."

"తెలుగే మాట్లాడతావే. యాడ మీది?"

"మా అమ్మది ముళబాగిలు. నేను పుట్టింది బెంగళూరే."

"ఎంతయింది ఇది?"

"సైకిలా? రెండు లక్షల అరవై."

ఈశ్వరప్ప ఆగి ఊపిరి పీల్చుకున్నాడు. "ఆ దుడ్డుకి మంచి ఎనుములు వస్తాయి కదప్పా. పాలన్నా ఇస్తాయి."

"ఎనుము మీదెక్కి బెంగళూరు నుంచి రాలేను కదా."

"వస్తే చూసేదానికి మేం మాత్రం ఊరంతా వస్తాము."

ఇద్దరూ నవ్వుకుంటూ పైకెక్కారు. మిట్ట మీద ఏళుమలై టీకొట్టు ఉంది. అక్కడ టీ తాగారు. ఆ తర్వాత ఆదివారాలు ఎవరూ ఎవరికీ చెప్పుకోకుండానే ఆ ఎత్తు దగ్గర ఎదురుపడేవారు. ఒకసారి యతీశ్ టీ ఇప్పిస్తే ఒకసారి ఈశ్వరప్ప. దారిలో ఏనుగులు ఎప్పుడు దిగుతాయి, రాగి ఎప్పుడు కోస్తారు, బావుల్లో నీళ్లు ఎంత లోతున ఉన్నాయి, అన్నీ అడిగేవాడు యతీశ్. ఐదో క్లాసుతో బడి మానేసిన మనిషిని అంత చదువుకున్నవాడు అంత శ్రద్ధగా అడిగితే ఎవడికి ముచ్చటగా ఉండదు? ఈశ్వరప్ప కడుపులో దాచుకోకుండా చెప్పాడు. ఇప్పుడు కాలుతున్నది అదే.

ఒక ఆదివారం యతీశ్ సీసాలో నీళ్లు అయిపోయాయి. "మా బావి నీళ్లు తాగి చూడు" అని ఈశ్వరప్ప అతణ్ణి గెనిమ గట్టు మీదుగా చేలోకి తీసుకుపోయాడు. బంతి విరగబూసి ఉంది. అవతల అడవి, ఇవతల బావి, మధ్యలో చేనంతా పసుపు. యతీశ్ నీళ్లు తాగడం మరిచిపోయి నిలబడ్డాడు.

"ఎంత బాగుండాదప్పా. ఇట్లాంటి చోటు నేను చూడనే లేదు. ఎవరిది ఈ చేను?"

ఆ పక్క ఊళ్లలో పిల్ల ముద్దుగా ఉందని ఎవరైనా అంటే తల్లి "ఏం ముద్దు, కాకిపిల్ల" అని పక్కకు ఉమ్ముతుంది. ఎనుము బాగా పాలిస్తోందా అంటే "ఏమిస్తాది, తన్నేదే ఎక్కువ" అంటారు. పైరు బాగుందని పరాయి మనిషి నోరు తెరిస్తే నాది అనకూడదు. అంటే దిష్టి నేరుగా వచ్చి పైరు మీద పడుతుంది. ఇంకెవడి పేరో చెప్పి, దిష్టిని వాడి గడపకు తోలాలి. వినేవాడికీ అది తెలుసు, నవ్వుకుని ఊరుకుంటాడు. ఈశ్వరప్ప చిన్నప్పటి నుంచి చేసిన పనే ఆ రోజూ చేశాడు. పైగా, తగిలితే తమ్ముడి మిద్దెకే తగలనీ అని లోలోపల చిన్న సరదా.

"నాది కాదు సామీ. మా తమ్ముడు వరదప్పది. నేను సుమ్మనే, ఊరికే చూసుకుంటా ఉండాను."

అది నిజమేననుకున్నాడు బెంగళూరు మనిషి.

తర్వాత కొన్ని ఆదివారాలు యతీశ్ కనబడలేదు. పని ఒత్తిడేమో అనుకున్నాడు ఈశ్వరప్ప. ఒక పొద్దున చేలోకి పోతే సర్వేవాడు గొలుసు లాగుతున్నాడు, కూలోళ్లు బంతి మధ్యలో రాళ్లు పాతుతున్నారు. ఎవరయ్యా మీరంటే, బెంగళూరు సార్ కొన్నాడు, వరదప్ప రిజిస్టరు చేసిచ్చాడు అన్నారు.

ఈశ్వరప్ప ఆ మట్టికాళ్లతోనే తమ్ముడి మిద్దెకు పోయాడు. వరదప్ప వరండాలో కూర్చుని పుల్లతో పళ్లు కుట్టుకుంటున్నాడు.

"రా అన్నా, కూచో. కాపీ తాగుతావా?"

"నా చేను అమ్మినావంట కదరా."

"నేనెవరి దగ్గరికీ పోలేదన్నా. ఆ మనిషే ఇల్లు వెతుక్కుంటా వచ్చి, 'బావి కాడ బంతిచేను మీదేనంట, అమ్ముతారా' అన్నాడు. ఎవరు చెప్పినారంటే నీ పేరు చెప్పినాడు. అన్న నోట్లోంచి వచ్చిన మాట తమ్ముడు కాదంటే బాగుంటాదా?"

"దిష్టికి చెప్పిన మాటరా అది. నీకు తెలీదా?"

"నాకు తెలుసు. ఆ మనిషికి తెలీదు కదా. పట్టా తీసి చూస్తే నా పేరే ఉండాది. నేనే మరిచిపోయింటి, నువ్వు గ్యాపకం చేసినావు."

"సబ్‌స్టేషను దుడ్డు పైసాతో సహా నీ ఇంట్లో పెట్టి వచ్చినాను కదరా. అప్పుడు పట్టా నా పేరు మీదే కదా ఉండింది?"

వరదప్ప పుల్ల నోట్లోంచి తీసి చూసుకున్నాడు. "ఇమ్మని నేనడిగినానా అన్నా?"

ఆ మాట విన్నాక మనిషి మనిషిగా ఎట్లా ఇంటికి నడిచిపోతాడో ఈశ్వరప్పకు ఇప్పటికీ తెలియదు. నడిచిపోయాడు.

డెంకణికోటలో ఒక వకీలును పట్టుకుంటే ఆయన కాస్త ఊపిరి పోశాడు. ఇన్నేళ్ల అనుభవం నీది, బావి మీ నాయన తవ్వించింది, ఊరంతా సాక్ష్యం ఉంది, కోర్టులో నిలబడవచ్చు అన్నాడు. "చేను మాత్రం వదలద్దప్పా. ఎవరితోనూ గొడవ పెట్టుకోవద్దు. కోపమొస్తే ఇంట్లో తలుపేసుకుని కూచో," అని రెండుసార్లు చెప్పాడు.

కోపం తలుపేస్తే ఆగేదైతే ఈ కథ ఉండేది కాదు.

మరుసటి ఆదివారం పాలక్యాను కట్టుకుని మిట్ట ఎక్కుతుంటే, ముందు సైకిలు తోసుకుంటూ యతీశ్. వకీలు మాట గుర్తుంది. తల తిప్పుకుని దాటిపోదామనే అనుకున్నాడు. అతడే పిలిచాడు.

"ఈశ్వరప్పా, బాగుండారా? మీతోనే మాట్లాడాలని వచ్చినాను. చేను నేనే కొన్నాను, తెలిసింటాది."

ఈశ్వరప్ప సైకిలు తోస్తూనే ఉన్నాడు.

"ఆడ చిన్న ఇల్లు కట్టి, సైకిలు మీద వచ్చేవాళ్లు దిగేదానికి రెండు రూములు వేస్తాను. తోట మాత్రం మీరే చూసుకోండి. ఇప్పుడూ చూసుకుంటా ఉండేది మీరే కదా. ఊరికే ఏం వద్దు, జీతం నేనిస్తాను."

"అది నా చేను," అన్నాడు ఈశ్వరప్ప.

"మరి ఆ రోజు అడిగితే వరదప్పది అన్నారు."

"బాగుండాదని నువ్వు నోరు తెరిచినావు. నాదని ఎట్ల చెప్పేది? దిష్టి తగలదా? మీ అమ్మది ముళబాగిలే కదా. నీకామాత్రం చెప్పలేదా ఆమె?"

యతీశ్ నల్లద్దాలు తీశాడు. "నేను అడిగినాను, మీరు చెప్పినారు. పేపర్లు చూస్తే మీరు చెప్పిన పేరే ఉంది. దుడ్డంతా కట్టేసినాను. దిష్టికి మీరు అబద్ధం చెప్తే నేనేం చేసేదప్పా?"

అతడి మాటలో తప్పు వెతికాడు ఈశ్వరప్ప. దొరకలేదు. తప్పు దొరకని మాట కంటే ఒంటికి నిప్పు పెట్టేది ఇంకొకటి లేదు. టీ గ్లాసులు, బావుల లోతులు, రాగి కోతలు, అన్నీ కొనేవాడి బేరాల్లాగా వరసగా కళ్ల ముందు నిలిచాయి. తన సైకిలు వదిలేశాడు. క్యాను పడి పాలు రోడ్డంతా పారాయి. యతీశ్ చేతిలోని సైకిలు లాక్కున్నాడు. చంటిబిడ్డంత బరువు కూడా లేదు అది. యతీశ్ పట్టుకోబోయి పాల మీద జారి పడ్డాడు. ఈశ్వరప్ప దాన్ని తల మీదికెత్తి రోడ్డు మధ్యకు విసిరాడు.

మిట్ట మీద నుంచి గ్రానైటు బండ వేసుకుని లారీ దిగుతోంది. ఆ బరువుతో దిగే లారీ ఆగమంటే ఆగదు. దాని చక్రాల కింద సైకిలు చేసిన చప్పుడు ఏళుమలై టీకొట్టు దాకా వినిపించింది. కొట్టు ముందున్న వాళ్లు పరిగెత్తుకొచ్చేసరికి యతీశ్ మణికట్టు పట్టుకుని కూర్చుని ఉన్నాడు.

"ఏమప్పా ఈశ్వరప్పా, ఇట్ల చేస్తివి?" అన్నాడు ఏళుమలై.

"చాలలేదు," అన్నాడు ఈశ్వరప్ప.

సాయంత్రం పోలీసు స్టేషన్లో యతీశ్ చేతికి కట్టుతో కూర్చున్నాడు, పక్కన అతడి వకీలు. అరిచిందీ లేదు, తిట్టిందీ లేదు. మణికట్టు విరిగింది, సైకిలు పోయింది, చూసినవాళ్లు పదిమంది ఉన్నారు. కేసు పెడితే లోపలికి పోవాలి, నష్టమూ కట్టాలి. పెట్టకుండా ఉండాలంటే ఈశ్వరప్ప ఆ చేను మీద తనకు ఏ హక్కూ లేదని, ఇక అందులో కాలు పెట్టనని, కోర్టుకు పోనని రాసిస్తే చాలు. సైకిలు డబ్బు కూడా వద్దన్నాడు యతీశ్. ఆ పెద్దమనసు చూసి ఈశ్వరప్పకు ఈసారి వాణ్ణే కొట్టాలనిపించింది.

"కోర్టులో గెలిచేవాణ్ణి నేను," అన్నాడు స్టేషనుకు వచ్చిన నంజమ్మతో.

"గెలిచేవాడివి, చెయ్యి ఊరికే పెట్టుకునింటే. నువ్వు లోపలుంటే ఆ ఎనుములతో నేను ఒక్కదాన్ని ఏం చేసేది? పెట్టు సంతకం."

"నా పొరపాటు అంటావా?"

"నేనేమీ అనలేదు. పెట్టు."

కాగితం అరవంలో ఉంది. చదివి వినిపించమన్నాడు. ఇన్నేళ్లూ అది బావి కాడ చేను, అంతే. దాన్ని కొలిచే అవసరం వాళ్ల నాయనకు రాలేదు, తనకూ రాలేదు. యతీశ్ వకీలు కళ్లజోడు సర్దుకుని, సర్వే నంబరు చదివి, ఎల్లలు చదివి, కొలత దగ్గరికి వచ్చాడు. ఈశ్వరప్ప పెన్ను పట్టుకుని విన్నాడు. ఒక ఎకరా అరవై మూడు సెంట్లు, బావితో సహా.