బంపర్ మీద కొత్త ఎరుపు

మా ఆయన నన్ను తిట్టరు. నా ప్రాణం మీదికొచ్చింది అదే. ఏ పనిలోనైనా ఒక్కసారి పొరపాటు చేశానంటే ఆ పని ఇక నా చేతికి రాదు. కూరలు తరుగుతూ వేలు కోసుకున్నానని కత్తి ఆయనే పుచ్చుకున్నారు. ఏదో ఫారంలో పుట్టినతేదీ తప్పు రాశానని అప్పట్నుంచి నా ఫారాలన్నీ ఆయనే నింపుతున్నారు. "ఎంత అదృష్టవంతురాలివి వదినా" అంటుంది మా ఆడపడుచు. ఏం చెప్తాం, తలూపుతాను. నాకంటూ మిగిలింది కారు నడపడం ఒక్కటే. ఇంటికీ ఆఫీసుకీ మధ్య ఆ నలభై నిమిషాలు నన్ను ఎవరూ కనిపెట్టుకుని ఉండరు.

అలాంటిది ఆయన పనిమీద ఊరెళ్లిన రోజునే ఆఫీసులో బండి వెనక్కి తీస్తూ స్తంభానికి కొట్టేశాను. వెనక బంపర్ సొట్టపడి, మూల చీలింది. ఆయన వచ్చేది శనివారం సాయంత్రం.

శనివారం పొద్దున్నే కారు షెడ్డు తలుపు లోపలినుంచి వేసుకున్నాను. సలసలా కాగే నీళ్లు సొట్ట మీద పోసి, లోపలినుంచి రెండు చేతులతో నెట్టాను. టప్పుమని బయటికొచ్చింది. ఏనుగెక్కినంత సంబరపడ్డాను. చీలిక అతికించి, పైన పుట్టీ పెట్టి, ఆరాక భుజాలు పడిపోయేలా గరుకు కాగితంతో రుద్దాను. కారు తలుపు అంచున అంటించిన చీటీలో రంగు నంబరు ఉంటుంది కదా, అదే నంబరు స్ప్రే డబ్బాలు ముందురోజే తెచ్చుకున్నాను. చుట్టూ టేపు అంటించి ఒక పూత వేసి, అది ఆరాక ఇంకోటి. ట్యూబులైటు వెలుగులో అచ్చం కలిసిపోయింది.

షెడ్డు తలుపు తీశాను. బండి మీద ఎండ పడింది.

ఈ షెడ్డు నిరుడు కట్టించింది. అంతకుముందు ఆరేళ్లూ బండి ఎండలోనే ఉంది. చీటీలో ఉన్నది కొన్ననాటి రంగు. బంపర్ పండుమిరపకాయలా ఉంది, మిగతా కారు వెలిసిన ఇటుకలా ఉంది. అక్కడితో ఆగినా సరిపోయేది. నాకా బుద్ధేదీ? తేడా తెలియకుండా బంపర్ పైఅంచు దాటించి పలచగా రంగు కొట్టాను. తేడా అక్కడినుంచి డిక్కీ మీదికెక్కింది. డిక్కీకి కొడితే పక్కకి పాకింది. ఎంత తరిమితే అంత ముందుకు జరిగింది, వెనక తలుపుల దాకా వెళ్లేసరికి డబ్బాలు అయిపోయాయి.

అప్పుడే మా ఆయన గేటు తీసుకుని లోపలికొచ్చారు, చెప్పిన వేళకంటే రెండు గంటలు ముందు.

ఆయన ఒక్క మాటంటే చాలు, పది మాటలు అనడానికి సిద్ధంగా నిలబడ్డాను. ఆయన కారు చుట్టూ ఒకసారి తిరిగారు.

"ఎక్కడ తగిలింది?"

"స్తంభానికి."

"నీకేం కాలేదు కదా?"

"లేదండీ."

నా జుట్టుకి అంటుకున్న టేపుముక్క మెల్లగా ఊడదీశారు. మూల ఎంత నున్నగా వచ్చిందో తడిమి చూసి మెచ్చుకున్నారు. వెనకంతా రంగెందుకు కొట్టావని కూడా అడగలేదు. తిట్టండి, ఒక్కసారి తిట్టండి అని లోపల మొత్తుకుంటున్నాను.

"సోమవారం నుంచి నేనే దింపుతాలే. సాయంత్రం నేనే వచ్చి తీసుకొస్తా. నీకెందుకీ కంగారంతా?" అని చెయ్యి చాచారు.

నిజంగా ప్రేమగానే అన్నారు.

తాళం ఆయన చేతిలో పెట్టాను. పైగా థాంక్స్ చెప్పాను.